మేయు పక్షులును ఛాయాచిత్రములును

శిశిర ఋతువు ముగియు దినములలో పులికాటు సరస్సు చూడఁదగిన చోటు. సూళ్లూరుపేటనుండి శ్రీహరికోటకుఁ బోవు మార్గము సరస్సునడుమ సాగుటచే, బాటకిరుప్రక్కల పక్షులు మేయుట బండిలోఁ గూర్చుండియే చూడవచ్చును. ఇప్పుడు చేతిలో కెమెరాయో ఫోనో లేనివారరుదు. పక్షుల చిత్రములు తీయు వేడుక సంతోషింపఁదగినదే. కాని యందలి యొక దురభ్యాసమునుగూర్చి మా యభిప్రాయము తెలుపఁగోరుచున్నాము.

ఎగురు పక్షుల చిత్రము మిక్కిలి యందముగా నుండునని కొందఱు నీటియొడ్డునకుఁ బరుగెత్తియు, చప్పట్లు చఱచియు, ఱాళ్లు విసరియు ఫ్లెమింగోల గుంపులను లేపుదురు. గులాబివన్నె ఱెక్కలొక్కమాఱుగా విచ్చుకొనుట కన్నులపండువే. ఆ పండువ వెలమాత్రము పక్షి చెల్లింపవలసియున్నది.

ఫ్లెమింగో మేఁత యెట్టిదో విచారింపుఁడు. అది తలను తలక్రిందుగా నీటిలో ముంచి, నాలుకతో నీటిని లోనికిఁ బీల్చి వెలికిఁ ద్రోయుచు, ముక్కుననున్న జల్లెడవంటి యంచులచే సన్నని నీటిపురుగులను, నాచును వడియఁగట్టుకొనును. ఇట్లు కడుపు నిండుటకుఁ జాల ప్రొద్దు పట్టును. ఆ గులాబివన్నెయు నీ మేఁతవలననే కలుగును. ఆ పక్షి నీటిపైఁ గొంతదూరము పరుగెత్తినఁగాని పైకి లేవఁజాలదు. అచ్చటనే మేయు సూదితోక బాతులు వేసవికి ముందే ఉత్తర దేశములకు వేలకొలఁది మైళ్లు మరలిపోవలసినవి. మాఘ ఫాల్గునములలోఁ దిన్న మేఁత క్రొవ్వుగా మాఱి వానికి దారిబత్తెమగును. కావున నీ కాలమున నూరకే లేపిన ప్రతిమాఱును మేఁతవేళ తఱుగును. కూడఁబెట్టిన బలమును వ్యయమగును.

ఒక్క చిత్రమువలన నేమి నష్టమని కొందఱడుగవచ్చును. ఒక్కఁడు లేపిన నష్టము స్వల్పమే. ఒకని వెనుక నొకఁడు దినమెల్ల లేపినచో పక్షి యెప్పుడు మేయును?

1892లో ఇంగ్లాండు దేశమున రిచర్డు కీర్టను, చెర్రీ కీర్టను అను సోదరులు పక్షిగూటిని గ్రుడ్లతోఁగూడ ఛాయాచిత్రము తీసిరి. పిమ్మట వారు బోలుగానున్న యెద్దు బొమ్మలో దాఁగి, పక్షులకు భయము కలుగకుండఁ జిత్రములు తీసిరి. నేఁటివంటి కటకములు వారికి లేవు, ఓర్పుమాత్రముండెను.

విద్యార్థులారా, బండిలోనో గట్టుననో కదలక కూర్చుండుఁడు. పక్షులు తమంతటఁ దామెగురు వేళ రాకమానదు. గింజలు చల్లి వానిని దగ్గఱకుఁ బిలువకుఁడు. మేయు పక్షి తలయెత్తి మనవంకఁ జూచినచో మనము మిక్కిలి సమీపించితిమని గుర్తు. అడుగు వెనుకకు వేయుటయే మర్యాద. అభయారణ్యములలో వన్యప్రాణులను బాధించుట 1972 నాఁటి చట్టముచే నిషిద్ధమే. అయినను భటుఁడు లేని చోటఁ గూడ మన నడవడి చక్కగా నుండవలయునుగదా! తల్లిదండ్రులు ముందుగా నట్లు నడచినచో పిల్లలకు వేఱుగఁ జెప్పఁబనిలేదు.

పాఠశాల పత్రికకుఁ బక్షుల చిత్రములు పంపువారు, వానిని తీసిన విధమును గూడ రెండు పంక్తులలో వ్రాయుట మేలని మా తలంపు. పక్షి మేఁత మానకుండఁ దీసిన చిత్రము కొంత మసకగా నున్నను దానికే మొదటి స్థాన మీయవలయును.