నేల ఎరుపు... మరి గోడకేం రంగు?

ఇన్‌స్టాలో కిచెన్ రీల్స్ వరసగా ఓ పది చూడండి. తెల్ల గోడలు, బూడిదరంగు అల్మరాలు, అద్దంలా మెరిసే లేతరంగు టైల్స్. ఏది ఎవరి వంటిల్లో పోల్చుకోలేం. ఫోన్ పక్కన పెట్టి తలెత్తితే మన ఇంట్లో కనిపించేది వేరు. నాన్నల కాలం నాటి ఎర్ర గచ్చు, లేదా పువ్వుల టైల్స్, లేదా నీలం గ్రానైట్. వెంటనే వచ్చే ఆలోచన ఒక్కటే: పగలగొట్టేద్దాం!

ఈ వారం నా మాట: కాస్త ఆగండి. పాటకి శ్రుతి ఎలాగో వంటింటికి నేల అలాగ. నేల రంగు గట్టిదైతే దాన్ని మార్చక్కర్లేదు, మిగతా రంగుల్ని దానికి కలిపితే చాలు.

మా ఇంటి సంగతే చెప్తాను. భావనపాడులో మా వంటింట్లో ఎర్ర గచ్చు, చుట్టూ నల్ల అంచు. సిమెంటులో ఐరన్ ఆక్సైడ్ పొడి కలిపి, తాపీతో రుద్ది రుద్ది నునుపు తేల్చిన గచ్చు అది. నాన్న ఉన్నప్పుడు వేయించారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. మా వంటింటి రేకులు ఎగిరిపోయాయి. గచ్చు మాత్రం చెక్కు చెదర్లేదు. బురద కడిగేసి, అమ్మ దాని మీదే పొయ్యి పెట్టింది.

ఇప్పుడు తమ్ముడికి పెళ్లి కుదిరింది. "ఆళ్లు ఒచ్చేసరికి తెల్ల టైల్స్ ఎయ్యాలప్పా" అని పట్టుబట్టాడు. పడవ ఇంజినుకని దాచిన డబ్బంతా దానికే అయిపోతుందని వాడికీ తెలుసు. అమ్మ పైకి ఏమీ అనలేదు. రాత్రి నాతో మాత్రం, "మీ నాన్న ఏయించిన గచ్చు. ఏటి సెడిపోయిందని తవ్వేత్తారర్రా?" అంది.

తమ్ముడితో బేరం పెట్టాను. "పది రోజులు నాకియ్యి. గచ్చు ముట్టుకోకుండా వంటిల్లు మారుస్తాను. నచ్చకపోతే టైల్స్‌కి నేను అడ్డు చెప్పను."

ఇంత ధైర్యం ఎలా వచ్చిందంటే, పారిస్‌లోని గోబెలిన్స్ నేత కార్ఖానా కథ నాకు గుర్తుంది. అక్కడ అద్దకాల పని చూసే మిషెల్ షెవ్రోల్ దగ్గరికి ఫిర్యాదులొచ్చాయి, నల్ల దారం వెలవెలబోతోందని. ఆయన పరీక్షిస్తే రంగులో లోపం లేదు. పక్కనున్న రంగుల వల్ల అలా కనిపిస్తోంది! దాని మీద 1839లో ఏకంగా పుస్తకమే వేశాడు. మన వంటింటికీ అదే సూత్రం. నేల పాతగా కనిపిస్తే తప్పు నేలది కాకపోవచ్చు, పక్కనున్న గోడది కావచ్చు.

మా గోడలకి ఉన్నది నీలి ఛాయ కొట్టే తెలుపు. ఎర్ర గచ్చులో ఉన్నది ఇటుక ఛాయ, అంటే వెచ్చని ఎరుపు. రెండూ కలవవు. అందుకే గోడలకి మీగడ రంగు వేయించాం, తుడిస్తే మరక పోయే రకం. పైన తెల్లగా కొట్టే ఎల్‌ఈడీ తీసేసి వార్మ్ వైట్ బల్బు పెట్టాం. సగం పని అక్కడే అయిపోయింది.

తర్వాత అల్మరా తలుపులు. తమ్ముడు చిలకాకుపచ్చ అన్నాడు. ఎరుపుకి ఆకుపచ్చ ఎదురు రంగు. రెండూ పూర్తి జోరు మీద ఉంటే కళ్లు లాగేస్తాయి. ఆకుపచ్చ మానక్కర్లేదు, జోరు తగ్గిస్తే చాలు. మా తీరంలో సరుగుడు తోటలున్నాయి కదా, ఆ ఆకుల్లా కాస్త బూడిద కలిసిన పచ్చ తీసుకున్నాం. నల్ల కడప రాయి గట్టు ఎలాగూ గచ్చు అంచుతో జత కుదిరింది.

ఇక మెరుపు. ఇంటీరియర్ వాళ్లు 60-30-10 అంటారు. ముఖ్యమైన రంగు అరవై వంతులు, తోడు రంగు ముప్పై, మెరుపు రంగు పదే. మా పది అటక మీద దొరికింది, అమ్మ ఇత్తడి బిందె, చెంబులు. మన జిల్లా బుడితి ఇత్తడికి పేరున్న ఊరే కదా! చింతపండుతో తోమి, స్టీలు స్టాండు మీద వరసగా పెట్టాం. ఇనుప స్టాండు వద్దన్నాను, ఉప్పుగాలికి తుప్పు పడుతుంది.

వేట నుంచి వచ్చిన తమ్ముడు గుమ్మంలో నిలబడి, "గచ్చు కూడా కొత్తగా ఏయించీసారేటప్పా?" అన్నాడు. గచ్చు కడిగామంతే. ఇంజిను డబ్బు ఇంజినుకే మిగిలింది. అమ్మ చెంబులు మళ్లీ సర్దుతూ కూర్చుంది.

మీ నేల వేరే రకమా? అయితే ఇవి చూడండి:

* టెక్కలి నీలం గ్రానైట్: నీలానికి ఎదురు రంగు నారింజ. పండిన జీడిమామిడి రంగు, రాగి, టెర్రకోట... ఏదో ఒకటి, అదీ కొంచెమే.
* పువ్వుల టైల్స్, మొజాయిక్: అందులో అన్నిటికన్నా తక్కువగా ఉన్న రంగుని పట్టుకోండి. కర్టెన్‌కో, డబ్బాలకో అదే వాడండి. గోడ మీద ఇంకో డిజైన్ వద్దు.
* నలుపు తెలుపు గడులు: ఏ రంగైనా నప్పుతుంది. కానీ ఒక్కటే.

రంగు ఫోన్‌లో చూసి ఖాయం చేయకండి. కెమెరా తనకు తోచినట్టు రంగు మార్చేస్తుంది. శాంపిల్ తెచ్చి, చార్టు మీద వేసి, నేల పక్కనే గోడకి ఆనించండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైటు వేశాక మూడుసార్లు చూడండి. గచ్చు మీద యాసిడ్ పోయకండి, సిమెంటుని తినేస్తుంది.

నేల కుంగినా, తడితే డొల్ల చప్పుడొచ్చినా, కింద నుంచి చెమ్మ ఊరుతున్నా మేస్త్రిని పిలవాల్సిందే. అవేమీ లేకుండా రీల్‌లో బాగుందని మాత్రం గునపం ఎత్తకండి.

ఈ ఆదివారం సామాన్లు పక్కకి జరిపి, నేల కడిగి, కిటికీ తెరిచి ఒక్కసారి తీరిగ్గా చూడండి. అసలు రంగు అప్పుడే తెలుస్తుంది. పెయింట్ షాపుకి ఆ తర్వాతే బయల్దేరండి.