మూసిన డిక్కీలో వెలిగిన దీపం

నిలిపి ఉంచిన కారు ఉదయానికి కదలకపోతే ఇంట్లో ముందుగా వినిపించే ప్రశ్న ఒక్కటే: “చివరిసారి బండి తీసింది ఎవరు?” మేమూ అదే అడిగాము.

గత శీతాకాలంలో ఒక రాత్రి మా తల్లిగారికి ఆయాసం ఎక్కువైంది. పదిహేడేళ్ల మా పాత కారు తాళం తిప్పితే టిక్కుటిక్కుమందే తప్ప ఇంజను కదలలేదు. పక్కింటివారు తమ బండిలో ఆమెను ఆసుపత్రికి చేర్చారు. అల్లాహ్ దయవల్ల ఆమె కోలుకున్నారు. మా కోపం మాత్రం కళాశాలలో చదివే పెద్దబ్బాయిపై పడింది. మూడు రోజుల క్రితం బండి నడిపింది అతడే. “అబ్బాజాన్, లైట్లన్నీ ఆర్పే దిగాను” అని అతడు ఎంత చెప్పినా మేము వినలేదు. బంధువుల ఎదుటే మందలించాము. కొత్త బ్యాటరీ కొన్నాము.

పది రోజుల తరువాత, మేమే నడిపి మేమే నిలిపిన బండి మూడు రోజులకు మళ్లీ మొరాయించింది. ఈసారి అడగడానికి ఎవరూ మిగలలేదు.

అప్పుడు మా వీధిలోని వృద్ధ ఆటో ఎలక్ట్రీషియన్‌ను పిలిచాము. ఆయన ముందుగా బ్యాటరీని నిండా ఛార్జి చేయించారు. నిండుగా ఉన్న బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపాలి, చూపింది. ఆపై తాళం తీసివేసి, తలుపులు, డిక్కీ మూసి, బ్యాటరీ నెగటివ్ తీగను ఊడదీసి, ఆ తీగకూ బ్యాటరీకీ మధ్య మల్టీమీటరును పది ఆంపియర్ల స్థానంలో కలిపారు. “ఇది కలిపి ఉండగా ఇంజను స్టార్ట్ చేయకండి, హెడ్‌లైట్లు వేయకండి. మీటరులోని ఫ్యూజు పోతుంది” అని హెచ్చరించారు.

నిద్రలో ఉన్న కారు సాధారణంగా 0.05 ఆంపియరుకు మించి వాడుకోకూడదు. మా మీటరు 0.44 చూపింది. రోజుకు పది ఆంపియర్-అవర్లకు పైమాట. మా బ్యాటరీ సామర్థ్యం 35. మూడు రోజులలో దాదాపు ఖాళీ అయిపోవడంలో వింత ఏముంది?

ఇంటి దీపం వెలిగి లెక్క తప్పకుండా, తెరిచిన తలుపు గొళ్లేన్ని స్క్రూడ్రైవరుతో మూసినట్టు నొక్కి, ఆయన ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీస్తూ పోయారు. ఒక ఫ్యూజు తీయగానే అంకె 0.02కు దిగింది. కారు లోపలి దీపాల ఫ్యూజు అది. “పోయింది 0.42. అయిదు వాట్ల బల్బు లెక్క అంతే” అన్నారాయన. ఫ్యూజు తిరిగి పెట్టి, మా ఫోనులో వీడియో ఆన్ చేసి డిక్కీలో ఉంచి మూత వేయించారు. తీసి చూస్తే వీడియో అంతా వెలుతురే. మూత పడినా దీపం ఆరడం లేదు.

మూత తాకినప్పుడు లోపలికి నొక్కుకోవలసిన చిన్న స్విచ్చు ఒక పక్కకు వంగి ఉంది. ఇల్లు మారిన రోజున మంచం కోళ్లను డిక్కీలోకి బలవంతంగా తోసింది మేమే.

స్విచ్చు మార్చడానికి పట్టింది కొద్ది నిమిషాలే. పాత బ్యాటరీని మాత్రం తిరిగి బిగించలేకపోయాము. పదేపదే పూర్తిగా ఖాళీ అయితే సీసం బ్యాటరీ లోపలి పలకలు శక్తిని నిలుపుకోలేవట.

కనుక పాత కారున్న పాఠకులు కొత్త బ్యాటరీకి డబ్బు చెల్లించే ముందు ఈ గంట పరీక్ష చేయించమని అడగండి. కారు దానంతటదే మొరాయిస్తే డిక్కీలో, డాష్‌బోర్డు అరలో ఫోను పెట్టి చూడండి.

మరుసటి ఆదివారం ఆ బంధువులనే భోజనానికి పిలిచాము. వడ్డన మొదలుకాకముందే, మీటరు చూపిన అంకెతో సహా జరిగినదంతా చెప్పి, పెద్దబ్బాయిని క్షమాపణ కోరాము. అతడు తల వంచుకుని, “పర్వాలేదు అబ్బాజాన్” అన్నాడు. మా తల్లిగారు మాత్రం, “నేను ఆ రోజే చెప్పాను, వాడు అబద్ధమాడడని” అన్నారు.