కందిరీగ గూడు చెప్పిన జోస్యం

లోగడ ఈ పేజీలో ఉసిళ్ళను గురించి నాలుగు ముక్కలు వ్రాసి, పురుగూ పుట్రను గురించి మీ ఇళ్ళలో చెప్పుకునే నమ్మకాలేమైనా వుంటే వ్రాసి పంపండని అడిగాను. అడగడమే ఆలస్యం, ఉత్తరాలు వచ్చిపడ్డాయి. చీమలు గుడ్లు మోస్తే వాన తప్పదన్నవారు కొందరు. నల్లచీమలు బారులు తీరితే ఇంటికి కలిసివస్తుందనీ, ఎర్రచీమలు తీరితే ఖర్చులు వస్తాయనీ ఒకరు వ్రాశారు. మా ఇంట్లో ఏ చీమలు తీరినా ఖర్చులే వస్తున్నాయి. అది వేరే సంగతి.

ఈ నవ్వులాటల ఉత్తరాలన్నిటికీ అడుగున ఒక ఇన్‌లాండు కవరు వున్నది. అది చదివిన తర్వాత నాకు నవ్వు రాలేదు. ఊరూ పేరూ చెప్పను గాని, విషయం చెబుతాను.

ఆ అమ్మాయికి పెళ్ళయి ఆరేళ్ళయింది. పిల్లలు లేరు. కిందటి వేసవిలో వాళ్ళ పూజగది గుమ్మంమీద కందిరీగ ఒకటి వచ్చి మట్టిగూడు పెట్టింది. అత్తగారు చూచి పొంగిపోయారు. ఇంట్లో కందిరీగ గూడు పెడితే ఆ ఇంటి ఆడపిల్లో, కోడలో నీళ్ళోసుకుంటుందని మన పెద్దలు అంటారు గదా! బూజుకర్ర ఆ గుమ్మంవైపు పోకుండా దాచిపెట్టారట. ఆ మాట వీధిలో పాకింది. వచ్చిన చుట్టమల్లా ముందు గూడువైపు చూడడం, తర్వాత కోడలివైపు చూడడం. ఒక అర పక్కన రెండో అర వెలిసింది, మూడోది వెలిసింది. ఇక్కడ మాత్రం ఏ విశేషమూ లేదు. చివరికి ఒక పెద్దావిడ ఓ పేరంటంలో అందరూ వినేటట్టు, “కందిరీగ చెప్పినా పండలేదంటే లోపం మీ కోడలిదేనమ్మా” అన్నదట.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఈ అమ్మాయి కుర్చీ ఎక్కి ఆ గూడు పగలగొట్టింది. లోపల ఒక అరలో పదీ పన్నెండు సాలీళ్ళు. కదలవు. అలాగని ఎండిపోలేదు. మధ్యలో తెల్లని పురుగొకటి. అది చూచి భయపడిపోయి, అన్నీ ఎత్తి పెరట్లో పారబోసింది. “అమ్మగారూ, నేను ఆ బిడ్డను చంపానా? నాకు ఆ పాపం తగులుతుందా? అందువల్ల నాకిక పిల్లలు పుట్టరా?” అని అడుగుతున్నది.

పాపం సంగతి చివర చూద్దాం. ముందు ఆ గూడు సంగతి చూద్దాం.

కందిరీగల్లో చాలా జాతులున్నాయి. పట్టులు పెట్టి గుంపులుగా బ్రతికేవి వేరు, మన గోడలకు మట్టిగూళ్ళు పెట్టేవి వేరు. ఈ మట్టిగూళ్ళది ఒంటరి బ్రతుకు. సన్నని దారంలాంటి నడుమూ, నలుపు మీద పసుపు మచ్చలూ వుండే జాతిని మీరందరూ చూచే వుంటారు. దాని శాస్త్రీయ నామంలో మన మద్రాసుపట్నం పేరు వున్నదంటే నమ్ముతారా? 1781లో ఫాబ్రిషియస్ అనే శాస్త్రజ్ఞుడు దానికి ‘మద్రాస్పటానమ్’ అని పేరుపెట్టాడు. ఇప్పటికీ ప్రపంచమంతా ఆ పేరుతోనే పిలుస్తున్నది.

గూడు కట్టేది ఆడ ఈగ ఒక్కతే. నూతిపళ్ళెం దగ్గరో, అంట్లు తోమే చోటో తడిమట్టిని ఉండచేసి నోట కరచుకొని వస్తుంది. గోడకు మెత్తేటప్పుడు ఒళ్ళు అదిరిస్తూ పనిచేస్తుంది. మనకు వినిపించే రొద అదే. ఒక అర పూర్తికాగానే వేటకు పోతుంది. సాలీడు కనిపిస్తే కుడుతుంది. చంపదు. విషంతో దాని కాళ్ళూ చేతులూ పడిపోయేటట్టు చేసి, మోసుకువచ్చి అరలో పెడుతుంది. ఒక గుడ్డు పెట్టి, అర నిండా సాలీళ్ళను కూరి, మట్టితో మూత వేస్తుంది. అక్కడితో తల్లి బాధ్యత తీరిపోయింది. పిల్ల ముఖం తాను చూడదు. గుడ్డు పగిలి వచ్చిన పురుగు ఆ నిలవ తిండి తిని, గూడు అల్లుకొని, రెక్కలు వచ్చాక మట్టికి గుండ్రని కన్నం చేసుకొని ఎగిరిపోతుంది.

సాలీళ్ళు చచ్చిపోయి వుంటే రెండురోజుల్లో కుళ్ళిపోవును. అందుకే ప్రాణం నిలిపి వుంచడం. కందిరీగలు తెచ్చుకునే ఆహారం ఎందుకు కుళ్ళదన్నది వెనకటి శాస్త్రజ్ఞులకు కూడా పెద్ద చిక్కు. ఊరగాయకు ఉప్పు వేసినట్టు, ఈగ ఏదో మందు ఎక్కించి నిలవ చేస్తుందనుకున్నారు. ఫ్రాన్సు దేశంలో ఫాబ్ర్ అనే బడిపంతులు, పెంకుపురుగులను వేటాడే ఒక కందిరీగను ఓపికగా గమనించి, అవి చచ్చినవి కావు, పక్షవాతం తగిలినట్టు పడివున్నవని 1855లో తేల్చాడు.

మనవాళ్ళు మాత్రం చూడలేదా? చూచారు. ఈగ ఒక పురుగును తెచ్చి గూట్లో పెట్టి మూస్తుంది. చుట్టూ రొద చేస్తుంది. కొన్నాళ్ళకు అందులోంచి పురుగు రాదు, ఈగే వస్తుంది. అందుకని ఆ పురుగు రొద వింటూ, భయంతో ఈగనే తలుచుకుంటూ ఈగ అయిపోయిందన్నారు. భ్రమరకీటక న్యాయమని వేదాంతులు చెప్పేది దీన్నే. జీవుడు దేవుణ్ణి ధ్యానించి ధ్యానించి దేవుడే అవుతాడని చెప్పడానికి ఎంత చక్కని పోలిక! చూచినంతవరకు వారు చూచింది నిజమే. మూత వేశాక లోపల జరిగేదే వారికి కనిపించలేదు.

ఇక గూటికీ కడుపుకూ ముడి ఎక్కడ పడింది? ఆలోచిస్తే అదీ తెలుస్తుంది. ఎవరో వచ్చి మట్టితో గది కట్టారు. తిండి సర్దారు. తలుపు మూశారు. కొన్నాళ్ళకు లోపలినుంచి కొత్తప్రాణి వచ్చింది. పురిటిగది గుర్తుకురావడంలో వింత ఏమున్నది? పైగా వెనకటి ఇళ్ళు ఎటువంటివి? నలుగురు కోడళ్ళు, ముగ్గురు ఆడపడుచులు. ఆ ఇంట్లో ఏ సంవత్సరం ఎవరో ఒకరు నీళ్ళోసుకోకుండా వున్నారు గనుక! గూడు పెట్టిన ప్రతిసారీ జోస్యం ఫలించినట్టే. ఫలించని గూళ్ళను ఎవరూ జ్ఞాపకం పెట్టుకోరు. ఇప్పుడు ఇంటికి ఒక్క కోడలు. జోస్యం బరువంతా పాపం ఆ ఒక్కదానిమీదనే పడుతున్నది.

మరో చమత్కారం చెబుతాను. నెమలికంఠంలా మెరిసే ఒక చిన్న ఈగ వున్నది. అది గూడు కట్టదు. కందిరీగ వేటకు పోయిన సందు చూచి, ఆ అరలో తన గుడ్డు పెట్టి జారుకుంటుంది. కందిరీగ తెచ్చిన తిండి తిని ఈ దొంగపిల్ల పెరుగుతుంది. గూట్లోంచి కందిరీగ బదులు మెరుపు ఈగ వస్తే మన పెద్దలు దానికేమి జోస్యం చెప్పేవారో!

పెరటి నమ్మకాలన్నీ ఉత్తవేనా అంటే, అలా అనను. చాలావాటిలో చూపు వున్నది. చీమలు మోసేవి ఎక్కువభాగం గుడ్లు కావు, గూడు కట్టుకొని నిద్రపోతున్న పిల్లలు. పుట్టలో చెమ్మ చేరితే వాటిని పొడినేలకు మారుస్తాయి. అందుకే వానకూ ఆ ప్రయాణానికీ సంబంధం కనిపించింది. తూనీగలు కిందుగా తిరిగితే వాన అంటారు. వాటికి కావలసిన దోమలూ, చిన్న ఈగలూ ఎక్కడ మూగితే అవీ అక్కడే తిరుగుతాయి. మనం చిన్నప్పుడు తోకకు దారంకట్టి ఏడిపించిన ఆ తూనీగల్లో ఒక జాతి, మన దేశంనుంచి మాల్దీవుల మీదుగా సముద్రం దాటి ఆఫ్రికా చేరుతుందని ఆండర్సన్ అనే జీవశాస్త్రజ్ఞుడు 2009లో వ్రాశాడు. అది చదివాక నా చిన్నతనపు దారంముక్కను తలుచుకొని సిగ్గుపడ్డాను.

తొలకరి పడగానే ఎర్రని మకమల్ గుడ్డ కత్తిరించి వేసినట్టు కనిపించే ఆరుద్ర పురుగు సంగతీ అంతే. అది కనబడితే రైతు విత్తనాలకు చేయి చాస్తాడు. నేల తగినంత తడిస్తేనే అది పైకి వస్తుంది గనుక ఆ నమ్మకం ఏరువాకకు పనికివచ్చే పంచాంగం. (లెక్కపెట్టి చూడండి, దానికి ఎనిమిది కాళ్ళుంటాయి. సాలీడుకు దగ్గర చుట్టం, పురుగుల కులం కాదు.) మునగచెట్టు ఇంటిముందు వుండకూడదనడంలోనూ అర్థం వున్నది. దానికి గొంగళిపురుగులు పట్టుతాయి. వాటి నూగు ఒంటికి తగిలితే దద్దుర్లు లేస్తాయి. కొమ్మ కూడా పెళుసు. ఎక్కిన పిల్లవాడు పడతాడు.

ఇవన్నీ వాననూ, నేలనూ, చెట్టునూ గురించిన నమ్మకాలు. తప్పయితే మబ్బు నొచ్చుకోదు. కందిరీగ గూటి నమ్మకం మనిషిని గురించినది. అది తప్పిననాడు తప్పు ఈగమీదికి పోవడం లేదు, ఎదురుగా వున్న ఆడపిల్లమీదికి పోతున్నది. తేడా అక్కడ వచ్చింది.

ఇక నా చెల్లెలికి జవాబు.

అమ్మాయీ, నీవు ఏ బిడ్డనూ చంపలేదు. నీవు చూచిన తెల్లని పురుగు కందిరీగ పిల్ల. దానికీ నీ కడుపుకూ ఏ లంకె లేదు. ఒక పురుగు పోయిందని నొచ్చుకున్నావంటే నీ మనసు మెత్తనిది. రోజూ బూజు దులిపే ఇల్లాళ్ళందరూ ఆ లెక్కకు నీతోపాటు బాకీపడినవాళ్ళే. ఇకముందు గూడు పెడితే వుండనియ్యి. అది ఒకరి జోలికి రాదు. గుండ్రని కన్నాలు పడ్డాయంటే పిల్లలు ఎగిరిపోయాయన్నమాట. అప్పుడు నిక్షేపంగా గీకి పారెయ్యవచ్చు, ఎవరూ చూడకుండా కాదు, పట్టపగలే.

ఆరేళ్ళు కందిరీగకు వదిలిపెట్టవలసిన సంగతి కాదిది. ఏడాదిపాటు కాపురం చేసినా నెల తప్పకపోతే డాక్టరును చూడాలన్నది ఇప్పటి వైద్యుల మాట. స్త్రీకి ముప్పయి అయిదు దాటితే ఆరునెలలకే చూడాలి. చూపించుకోవలసింది నీవొక్కతెవే కాదు, మీరిద్దరూ. లోపం భార్యలో వుండవచ్చు, భర్తలో వుండవచ్చు, ఇద్దరిలోనూ వుండవచ్చు. కొన్నిచోట్ల వెతికినా కారణం దొరకదు. మగవారికి చేసే మొదటి పరీక్ష చాలా సులువు, సూదిపోటు కూడా వుండదు. అయినా ఆడదానికి అన్ని పరీక్షలూ అయ్యాకగాని మగవారు గడప దాటని ఇళ్ళు ఎన్నో చూచాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించిన అంచనా ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బంది ఎదురవుతున్నది. నీ పేరంటంలో ఎంతమంది కూర్చున్నారో లెక్కవేసుకో. నోరు విప్పనివారు నీ పక్కనే వుండివుంటారు.

ఈ పేజీ నీ భర్తకు చూపించు. తర్వాత అత్తగారికి కూడా చూపించు. బూజుకర్ర దాచిన మనిషి చెడ్డమనిషి కాదని నాకు తోస్తున్నది. ఆవిడ ఆశపడింది, అంతే. ఆ మాట అన్నది వీధి. వీధికి జవాబు చెప్పవలసింది ఆవిడే. “మా పిల్ల సంగతి మేము చూచుకుంటాము” అని ఒక్కసారి అంటే చాలు.

నాదొక సంగతి చెప్పి ముగిస్తాను. నేను పుట్టబోయేముందు మా ఇంట్లో కందిరీగ గూడు పెట్టిందనీ, అది చూచే నేను వస్తున్నానని తెలిసిందనీ మా నాయనమ్మ ఎప్పుడూ చెప్పేది. నాకు ఎంతో గర్వంగా వుండేది. కాస్త పెద్దదాన్నయ్యాక ఒకనాడు అడిగాను, ఏ నెలలో పెట్టిందని. వైశాఖమన్నది. నేను పుట్టింది శ్రావణంలో. వేళ్ళమీద లెక్కవేసి, “నాయనమ్మా, అప్పటికి మా అమ్మకు ఆరోనెల గదే!” అన్నాను. మా నాయనమ్మ చుట్టూ చూచి, “నాకు తెలియదటే? నీకు చెప్పుకోవడానికి బాగుంటుందని చెప్పానే” అన్నది.

వచ్చేవారం ఇలకోడిని గురించి. రాత్రంతా అరిచి నిద్ర చెడగొట్టే ఆ పురుగును మీ ఇంట్లో ఏమంటారో, ఏమని తిడతారో వ్రాయండి.