చెట్టు కప్ప, టేకు చేప: ఎవరికి ఎవరు చుట్టం?

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో వానాకాలం రాత్రిళ్లు బాత్రూమ్ గోడకు అతుక్కుని కూర్చునే చెట్టు కప్పను మీరు చూసే ఉంటారు. కొత్తపట్నం తీరంలో వలకు పడే టేకు చేప, అంటే రే, కూడా తెలిసిందే. మరి చెరువులోని బొచ్చె చేపకు ఈ రెండింటిలో దగ్గరి చుట్టం ఏది?

టేకే అనుకుంటారు. కాదు, కప్ప! టేకు అస్థిపంజరంలో గట్టి ఎముక ఉండదు, అంతా మృదులాస్థే. సొరచేపలదీ, దానిదీ ఒకే వర్గం. ఆ శాఖ 40 కోట్ల ఏళ్ల కిందటే విడిపోయింది. ఎముకలున్న చేపల వంశంలోంచే కప్పలూ, ఆ మాటకొస్తే మనమూ వచ్చాం. పోటీ పరీక్షల బిట్ బ్యాంకులో ఈ మెలిక కనపడదు.

పరీక్ష సంగతి అటుంచండి, పేరు తేడా వస్తే రక్షణే గురి తప్పుతుంది. సొరలా కనిపించే వెడ్జ్‌ఫిష్ నిజానికి రే వర్గమే. 2001లో కేంద్రం రింకోబాటస్ జిడ్డెన్సిస్ అనే జాతిని వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చింది. తర్వాత వర్గీకరణ సరిచూస్తే అది ఆఫ్రికా వైపు సముద్రానిదనీ, మన దగ్గర దొరికేవి ఆస్ట్రేలియే, లేవిస్ అనే వేరే జాతులనీ తేలింది. 2019కి ఆ రెండూ ఐయూసీఎన్ రెడ్ లిస్ట్‌లో అత్యంత ప్రమాదంలో ఉన్నవాటిలో చేరాయి. రెక్కలకు గిరాకీ ఎక్కువ, పిల్లలు తక్కువ, ఎదుగుదల నెమ్మది. ఇక కోలుకునేదెలా?

చెట్టు కప్ప నురుగు గూడు కట్టి వందల గుడ్లు పెడుతుంది. రెడ్ లిస్ట్‌లో దానికి ప్రస్తుతం ముప్పు లేదు. అలాగని కప్పలన్నీ క్షేమం అనుకోవద్దు. 2023 అంచనా ప్రకారం ప్రపంచ ఉభయచరాల్లో దాదాపు 41 శాతం ప్రమాదంలో ఉన్నాయి. కప్ప చర్మం నీటినీ, అందులోని రసాయనాలనూ పీల్చేసుకుంటుంది. పత్తికి, మిర్చికి ఎన్నిసార్లు మందు కొడతారో మీకు వేరే చెప్పాలా?

షెడ్యూల్ వన్ జీవిని వేటాడితే కనీసం 3 ఏళ్ల జైలు. చీకట్లో వల లాగే మత్స్యకారుడు లాటిన్ పేరు ఎలా పోల్చుకుంటాడు? నా దృష్టిలో బీటెక్ వాళ్లకు పని ఉన్నది ఇక్కడే. ఫోటోతో జాతిని గుర్తించే మోడల్, అరుపుతో కప్పను పట్టే యాప్, ఏది రాయాలన్నా ముందు సరైన పేరున్న డేటా కావాలి. విశాఖలోని సీఎంఎఫ్‌ఆర్‌ఐ కేంద్రం, హైదరాబాద్‌లోని జెడ్‌ఎస్‌ఐ కేంద్రం, సీసీఎంబీ వారి లాకోన్స్ ప్రాజెక్టు నోటిఫికేషన్లు గమనిస్తూ ఉండండి. ఈలోగా రేవులో టేకు కనిపిస్తే పైవైపు, కిందివైపు, తోక విడివిడిగా ఫోటో తీసి, తేదీ, చోటు రాసి పెట్టుకోండి. తోక ముల్లు మాత్రం ముట్టుకోవద్దు, విషం ఉంటుంది.