హైతీ సొమ్ము హైతీకి ఇచ్చెయ్యండి

భూకంపమో తుపానో వస్తే తప్ప మన టీవీలకు హైతీ గుర్తురాదు. వచ్చినప్పుడు 'నిరుపేద దేశం' అన్న బిరుదు తగిలించే వస్తుంది. ఎందుకు పేద అయిందని ఏ యాంకరూ అడగడు. చూసేవాళ్ల మనసులో జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది: చేతగాని జనం, తమను తాము పాలించుకోలేని జనం. పచ్చి అబద్ధం! ఆ దేశాన్ని లెక్కకట్టి, సంతకం పెట్టించి, రసీదులు రాసి మరీ పేదను చేశారు.

ఒకప్పుడు అది ఫ్రాన్స్‌కు కాసులు కురిపించిన వలస. 18వ శతాబ్దం చివర్లో ఐరోపా తాగిన కాఫీలో సగానికి పైగా, తిన్న పంచదారలో దాదాపు 40 శాతం అక్కడినుంచే వెళ్లేది. పండించింది సుమారు 5 లక్షల మంది బానిసలు. 1791 ఆగస్టులో వాళ్లు తిరగబడ్డారు. వాళ్ల నాయకుడు తూసాఁ లూవెర్త్యూర్‌ను ఫ్రెంచివాళ్లు చర్చలకని పిలిచి బంధించారు. ఆయన ఫ్రాన్స్‌లోని ఒక కొండకోట జైల్లో చనిపోయాడు. అయినా పోరు ఆగలేదు. 1803 నవంబరులో నెపోలియన్ సైన్యాన్ని ఓడించి, 1804 జనవరి 1న స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు.

మన పోటీ పరీక్షల కుర్రాళ్లు ఫ్రెంచి విప్లవం వచ్చిన 1789ని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అని వల్లిస్తారు. ఆ మూడు మాటలనూ నిజమని నమ్మి నెత్తురు ధారపోసినవాళ్ల సంవత్సరం ఎంతమందికి తెలుసు? చెప్పినా 'వింతలు-విశేషాలు' శీర్షికలో నాలుగు ముక్కలు రాసి సరిపెడతాం. దోపిడీని వింతగా చదివితే దోచినవాడి పేరు అడిగే పని ఉండదు కదా!

దోచినవాడి పేరు పదో చార్లెస్, ఫ్రాన్స్ రాజు. 1825లో యుద్ధనౌకలతో ఒక ఆజ్ఞాపత్రం పంపాడు. మిమ్మల్ని దేశంగా గుర్తించాలంటే 15 కోట్ల ఫ్రాంకులు కట్టండి, మా సరుకుకు సుంకం సగం తగ్గించండి అని. ఫిరంగుల నీడలో హైతీ అధ్యక్షుడు బ్వాయే తలూపాడు. ఏమిటా పరిహారం? పోయిన తోటలకు, భవనాలకు, చేజారిన బానిసలకు! అంటే విముక్తుడైన మనిషి తన ఒంటిని, తన బిడ్డల ఒంటిని పాత యజమాని దగ్గర డబ్బు పోసి కొనుక్కోవాలి.

ఆ అంకె ఎంత దుర్మార్గమో తెలియాలా? 1803లో ఇదే ఫ్రాన్స్ లూసియానాను అమెరికాకు 8 కోట్ల ఫ్రాంకులకు అమ్మింది. అది మన దేశంలో సుమారు మూడింట రెండొంతులంత నేల. ఒక ద్వీపంలో మూడో వంతున్న హైతీకి మాత్రం దానికి దాదాపు రెట్టింపు ధర!

మొదటి వాయిదాకే ఖజానా చాల్లేదు. పారిస్ బ్యాంకర్ల దగ్గరే 3 కోట్లు అప్పు చేయించారు. అందులో 60 లక్షలు వాళ్లు ముందే కోసుకున్నారు. 1838లో పరిహారం మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించి దయ చూపామన్నారు. భారమంతా పడింది కాఫీ రైతు మీద. 1911లో కాఫీ పన్ను కింద వసూలైన ప్రతి 3 డాలర్లలో రెండున్నరకు పైగా ఫ్రెంచి మదుపుదారుల అప్పులకే పోయింది. 1880లో పెట్టిన హైతీ నేషనల్ బ్యాంకును నడిపింది కూడా పారిస్ బ్యాంకే. ఈఫిల్ టవర్‌కు పెట్టుబడి సమకూర్చినవాళ్లలో అదీ ఉంది. 1914లో అమెరికా సైనికులు హైతీ నేషనల్ బ్యాంకు నుంచి 5 లక్షల డాలర్ల బంగారం న్యూయార్క్‌కు ఎత్తుకుపోయారు. మరుసటి ఏడు దేశాన్నే ఆక్రమించి 1934 దాకా కూర్చున్నారు. ఆ పాత బాకీ తాలూకు అప్పుల చివరి వాయిదా తీరేసరికి 1947 వచ్చింది.

'వాళ్ల పాలకులు మాత్రం తినలేదా?' అంటారు. తిన్నారు. 1957 నుంచి 1986 దాకా దువాలియే తండ్రీకొడుకులు దేశాన్ని పీల్చి పిప్పి చేశారు. అయితే? ఇంట్లో దొంగ పుట్టాడని ఊరి మీద పడిన దోపిడీ ముఠాకు మాఫీ ఇచ్చేస్తామా? బడులకు, రోడ్లకు, ఆస్పత్రులకు పోవాల్సిన సొమ్ము నూరేళ్లకు పైగా ఓడలెక్కిపోతే, మంచి పాలకుడు దేంతో పాలించాలి?

2003లో హైతీ అధ్యక్షుడు అరిస్టీడ్ సెంట్లతో సహా లెక్కగట్టి 2,100 కోట్ల డాలర్లకు పైగా తిరిగివ్వమన్నాడు. మరుసటి ఫిబ్రవరిలో, సాయుధ తిరుగుబాటు ముంచుకొచ్చినప్పుడు, ఆయన దిగిపోవాలని బాహాటంగా అన్న దేశాల్లో ఫ్రాన్స్ ఒకటి. ఆయన గద్దె దిగాక వచ్చిన ప్రభుత్వం ఆ డిమాండును వదిలేసింది. 2015లో ఫ్రాన్స్ అధ్యక్షుడు ఒలాంద్ బాకీ తీరుస్తానన్నాడు. అది నైతికమైన బాకీ మాత్రమేనని ఆయన మనుషులు వెంటనే సర్దిచెప్పారు. 2025 ఏప్రిల్‌లో, సరిగ్గా రెండు వందల ఏళ్లకు, మాక్రాన్ అన్యాయం జరిగిందని ఒప్పుకుని చరిత్రకారుల కమిషన్ వేస్తానన్నాడు.

ఇంకా ఏం కనిపెడుతుందండీ ఆ కమిషన్? ఏ తోట యజమాని కుటుంబానికి ఎంత మంజూరైందో 1828 నుంచి పేర్లతో సహా సంపుటాలుగా అచ్చేసింది ఫ్రెంచి ప్రభుత్వమే! పుచ్చుకున్నప్పుడు పైసాపైసా రాసుకున్నవాళ్లకు, ఇవ్వాల్సి వచ్చేసరికి పరిశోధన కావాల్సి వచ్చిందా? పారిస్‌లో ఆ పుస్తకాలు తెరవండి. వడ్డీ కట్టండి. చెక్కు రాయండి.