కాలం మారితే కలం మారాలా?

రాజ్యం మారినప్పుడల్లా గొంతు మార్చుకున్న రచయితలు ఏ దేశంలోనైనా ఉంటారు. మరి మన తాపీ ధర్మారావుగారో? 1938లో, తెల్లవాళ్ళ ఏలుబడిలో, అంటరానితనాన్ని నిలదీసిన 'మాలపిల్ల'కు మాటలు రాశారు. దానికి పెట్టుబడి చల్లపల్లి జమీందారుది! స్వాతంత్ర్యం వచ్చింది. 1955లో కొడుకు చాణక్య తీసిన 'రోజులు మారాయి'లో ఆయన మాటలు రైతు పక్షాన భూస్వామిని ఎదిరించాయి. 'జనవాణి' పత్రికలో పట్టుబట్టిన వాడుకభాషను సినిమాలోనూ వదల్లేదు. సొమ్ము ఎవరిదైనా మాట జనానిదే!

మిత్రులారా! రేపు ఎవరి జీతమో తీసుకుని అర్జీలూ, ఉత్తర్వులూ రాయబోయేది మనమే. ప్రభుత్వాలు వస్తాయి, పోతాయి. వేంపల్లె రైతుకు అర్థంకాని కాగితం మాత్రం మన చేతిమీదుగా పోకూడదు. చదువుకు అంతకన్నా పరీక్ష ఏముంది?