కలిసి వాయించడానికి ఒక గది కావాలి

కరీంనగర్‌లో ఇప్పుడు గిటార్ నేర్చుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. ఫోన్ తెరిస్తే పాఠాలు దొరుకుతాయి. ఆర్డర్ పెడితే వాయిద్యం ఇంటికే వస్తుంది. కష్టమంతా నలుగురితో కలిసి వాయించడంలోనే ఉంది. గోదావరిఖని సింగరేణి క్వార్టర్లలో పెరిగి, కరీంనగర్‌లో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ, ఏళ్ల తరబడి ఇంట్లో ఒక్కడినే గిటార్ వాయించుకున్నాను. ఈ బతుకమ్మ పండుగకు మొదటిసారి ఒక బృందంతో స్టేజీ ఎక్కబోతున్నాను. పాడేది ఒక అక్క, డప్పు కొట్టేది ఒక అన్న. కీబోర్డు, బేస్ గిటార్ ఇద్దరు డిగ్రీ పిల్లలవి. పాటలన్నీ మన జానపదాలే.

మొదటి రోజు అక్క అడిగిన మాట ఇది: "తమ్మీ, నా శ్రుతి ఐదున్నర. నీకు నడుస్తదా?" మన దగ్గర పాడేవాళ్లు హార్మోనియం మెట్ల లెక్కన శ్రుతి చెబుతారు. ఒకటి అంటే సి, రెండు అంటే డి, ఐదున్నర అంటే జి షార్ప్. ఫోన్ పాఠాలు చాలావరకు సి, జి, డి లలో నడుస్తాయి. పాడే మనిషి గొంతు వాటి కోసం మారదు, మారకూడదు కూడా. గిటార్ మెడ మీద మొదటి మెట్టు దగ్గర కాపో (తీగలను అదిమిపట్టే క్లిప్పు) బిగిస్తే జి లో నేర్చుకున్న కార్డ్స్ అన్నీ ఐదున్నర శ్రుతిలో పలుకుతాయి. పని చిన్నదే. కానీ పాడేవాళ్ల శ్రుతి ఏమిటని ముందుగా అడగాలన్న సంగతి ఒంటరిగా నేర్చుకునేవారికి ఎవరూ చెప్పరు.

రెండో సంగతి కార్డ్స్ గురించి. మన పల్లెపాటల్లో చాలా బాణీలు నాలుగైదు స్వరాల్లోనే తిరుగుతాయి. సినిమా పాటకు మార్చినట్టు గడియ గడియకూ కార్డ్ మారిస్తే పాట చెదిరిపోతుంది. చాలాచోట్ల సా, పా రెండే పట్టుకొని నిలబడితే చాలు. కథలు చెప్పేవాళ్ల చేతిలో తంబూర చేసే పని కూడా అదే. 2023లో వచ్చిన 'బలగం' సినిమా చివర బుడగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతుల గానం విని కన్నీళ్లు పెట్టుకున్న జనం సిరిసిల్ల, కరీంనగర్ పల్లెల్లో ఎందరో ఉన్నారు. అక్కడ గొంతు ముందు నడిచింది, వాద్యం దాని వెంట నడిచింది. జానపదానికి గిటార్ పట్టుకునేవాళ్లు గుర్తుంచుకోవలసింది ఈ వరసే.

మూడోది ఆగడం. డప్పు అన్న వాయించే పుల్లలు సిర్ర, సిటికెన పుల్ల అందుకున్నాడంటే గదిలో ఇంకో చప్పుడుకు చోటుండదు. "దెబ్బ మీద దెబ్బ వెయ్యకు తమ్మీ, సందుల వెయ్యి" అన్నాడాయన. జమైకా రెగే సంగీతంలో గిటార్ చేసేది సరిగ్గా ఇదే. తాళం దెబ్బ పడే చోట ఊరుకొని, రెండు దెబ్బల నడుమ పొట్టిగా ఒక మీటు మీటుతుంది. బాబ్ మార్లీ పాటలు విన్నవాళ్లకు ఆ నడక తెలుసు. హైదరాబాద్ బృందం 'చౌరస్తా' దాన్ని తెలుగు జానపదంతో కలిపి వినిపించింది. డప్పు అన్న రెగే పేరు విన్నాడో లేదో నేనడగలేదు. దరువుకు ఊపిరాడాలంటే ఎక్కడ ఖాళీ వదలాలో ఆయన చేతికి తెలుసు.

మిగిలిన ఏర్పాట్లు కూడా ఈ దారిలోనే ఉన్నాయి. బేస్ ఉన్నప్పుడు లావు తీగలను నేను తక్కువ ముట్టుకుంటాను. కీబోర్డు పై స్థాయిలో ఉంటే నేను నడిమి స్థాయిలో ఉంటాను. కొత్త తీగలు సాగి శ్రుతి దిగుతాయి కాబట్టి ప్రోగ్రాంకు కొన్ని రోజుల ముందే వాటిని మారుస్తున్నాను. ఇంట్లో కూడా నిలబడే వాయిస్తున్నాను. ప్రతి సాధననూ ఫోన్లో రికార్డు చేసి, నా గిటార్ పక్కనబెట్టి అక్క మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయా లేదా అని వింటున్నాను. వేళ్లకు ఇవ్వవలసిన శిక్షణ ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు చెవులకు శిక్షణ కావాలి. అది నలుగురు ఒకచోట కూర్చుంటే తప్ప రాదు.

ఇలా కలిసి కూర్చొని నేర్చుకోవడం మన నేలకు కొత్త విద్య కాదు. ఉత్తర తెలంగాణ పల్లెల్లో చిరుతల రామాయణం ఎలా తయారయ్యేదో పెద్దలనడగండి. ఊరివాళ్లు ఒక గురువును పిలిపించుకునేవారు. పగలు పొలం పనులు చేసుకొని, రాత్రిపూట నెలల తరబడి నేర్చుకునేవారు. అడుగు, చిరుతల చప్పుడు, హార్మోనియం, పాట అన్నీ ఒక్కటయ్యాకే ప్రదర్శన. సాధనకు ఊరే చోటిచ్చేది.

ఆదిలాబాద్ గోండు గూడేల్లో దీపావళి వేళ దండారీ బృందాలు ఊరి నుంచి ఊరికి సాగుతాయి. డోళ్లు, పెప్రె మోగుతుంటే నెమలి పింఛాల టోపీలతో గుస్సాడీలు ఆడతారు. వచ్చిన బృందానికి ఆ ఊరు ఆతిథ్యమిస్తుంది. మార్లవాయికి చెందిన గుస్సాడీ కళాకారుడు కనకరాజు ఈ కళకే 2021లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో కన్నుమూశారు. గోండుల వంశగాథలు పాడే తోటి, పర్ధాన్ తెగల కళాకారుల కిక్రి కూడా గొంతును అంటిపెట్టుకొని సాగే వాద్యమే. ఈ కళలన్నీ మనిషి పక్కన మనిషి కూర్చొని నేర్చుకున్నవే.

ఇవాళ కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల చుట్టుపక్కల యూట్యూబ్ కోసం జానపద గీతాలు జోరుగా తయారవుతున్నాయి. అందుకు నాకు సంతోషమే. పల్లె గొంతులకు పేరూ, ఎంతో కొంత రాబడీ వస్తున్నాయి. అయితే ఆ పాటల్లో చాలావాటికి వాద్యాలు కంప్యూటర్ మీదే తయారవుతాయి. పాడేవాళ్లు వచ్చి ఆ ట్రాకు మీద పాడి వెళతారు. డప్పు కొట్టేవాళ్లు, పాడేవాళ్లు, గిటార్ వాయించేవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకునే అవసరమే రాదు. ఇలా ఎన్ని పాటలు చేసినా కలిసి వాయించే తరం తయారు కాదు.

గిటార్ వస్తే జానపదం చెడిపోతుందనే పెద్దలున్నారు. వారి బెంగ వెనక ప్రేమ ఉంది, దాన్ని గౌరవిస్తాను. కానీ మన భజన మండళ్లలో మోగే హార్మోనియం యూరప్ నుంచి వచ్చినదే. కర్ణాటక సంగీతానికి వయొలిన్‌ను అలవాటు చేసినవారు ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు. పాలకొల్లు బిడ్డ శ్రీనివాస్ మాండలిన్‌ మీద కీర్తనలు పలికించారు. పాటకు లొంగిన వాద్యం మనదవుతుంది. గిటార్ పాటకు లొంగాలన్నా అది జానపద గాయకుల పక్కన కూర్చోవాలి.

కూర్చోవడానికి చోటేదీ? బేస్ వాయించే అబ్బాయి వాళ్ల నాన్నకు ఫర్నిచర్ దుకాణం ఉంది. ఆదివారం అది మూసి ఉంటుంది కనుక, బీరువాల నడుమ మా సాధన సాగుతోంది. అలాంటి దుకాణం లేని పిల్లలు ఏం చేయాలి? ఇళ్లు గోడకు గోడ ఆనుకొని ఉన్నాయి. పక్కింట్లో పరీక్షలు, ఇంకో ఇంట్లో పసిపిల్లలు. డప్పు మోగితే వాళ్లకు ఇబ్బంది, వద్దనడానికి వాళ్లకు హక్కుంది.

అందుకే నా విన్నపం. కరీంనగర్ నగరపాలక సంస్థ కళాభారతి వంటి చోట సాయంత్రాలు ఒక గదిని స్థానిక బృందాల సాధనకు కేటాయించాలి. కాలేజీలు తరగతులు ముగిశాక ఒక గది తెరిచి ఉంచాలి. గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లిలోని సింగరేణి కమ్యూనిటీ హాళ్లలో ఖాళీ వేళలను కార్మికుల పిల్లలకు ఇవ్వాలి. ఆదిలాబాద్, ఉట్నూరులో ఆ గదిలోకి కిక్రి, డోలు కళాకారులను గౌరవ వేతనమిచ్చి పిలవాలి. కోట్లు పెట్టి భవనం కట్టమని ఎవరూ అడగడం లేదు. గోడలున్న గది, నాలుగు ప్లగ్గులు, ఒక ఫ్యాను, తాళంచెవి పట్టుకునే బాధ్యత గల మనిషి చాలు. రాత్రి 10 దాటితే మైకులు వాడవద్దని చట్టమే చెబుతోంది, 9కే తలుపు మూసేద్దాం.

ఇంట్లో గిటార్ ఉన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. ఇంకో పాఠం కోసం వెతికే ముందు మీ వాడలో పాడే మనిషిని వెతకండి. వాళ్ల శ్రుతి అడగండి. ఒక పాట మొదటి నుంచి చివరి దాకా వాళ్ల వెంట నడవండి. బ్యాండుకు తయారవడం అక్కడే మొదలవుతుంది.